తలలోంచి కారిన మాట

పడిశం పది రోగాల పెట్టు అన్నది మన సామెత. ముక్కు కారడంతో మొదలైనది దగ్గై, జ్వరమై, చెవిపోటై చివరికి ఎక్కడ తేలుతుందో చెప్పలేమని దాని భావం. క్రీస్తుపూర్వం 400 ప్రాంతపు గ్రీకు వైద్యుడొకడు ఈ సామెత విని ఉంటే తల ఊపి, లెక్క ఒక్కటి సరిచేసేవాడు. హిప్పోక్రటీసు పేరు మీద చేరిన గ్రంథాల్లో ‘మనిషిలోని స్థానాలు’ అనే చిన్న పుస్తకం ఉంది. తల నుంచి కిందికి దిగే ప్రవాహాలు ఏడని అందులో రాశారు. ముక్కులోకి, చెవుల్లోకి, కళ్లలోకి ఒక్కొక్కటి. రొమ్ములోకి దిగేది నాలుగోది. వెన్ను లోపలి మజ్జలో చేరేది ఐదోది, వెన్నుపూసల మీదుగా కండల్లోకి ఇంకేది ఆరోది. అన్నిటికంటే నెమ్మదిగా, బొట్టుబొట్టుగా దిగి తుంటి కీలులో నిలిచేది ఏడోది. జలుబు, కంటి ఊసులు, చెవిలో చీము, క్షయ, తుంటినొప్పి అన్నీ ఒకే చెరువు నుంచి తెగిన కాలవలన్నమాట. ఆ చెరువు తలకాయ.

ఇలా కిందికి దిగేదానికి గ్రీకులు ‘కతార్రోస్’ అని పేరు పెట్టారు. ‘కత’ అంటే కిందికి, ‘రెయిన్’ అంటే పారడం. పారే ద్రవాన్ని విడిగా ‘రెవ్మ’ అన్నారు. మొదటి మాట లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి కటార్ అయింది, ముక్కు గొంతుల్లో చేరే చీమిడికి పేరుగా మిగిలింది. రెండోది ముక్కును వదిలి మోకాళ్లలోకి దిగింది, రుమాటిజం అయింది. ఇవాళ కీళ్లనొప్పులతో మనం వెళ్లే రుమటాలజిస్టు బోర్డును గ్రీకు అర్థం ప్రకారం చదివితే ‘ప్రవాహ శాస్త్రజ్ఞుడు’ అని వస్తుంది. ఆయన గది ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్లకు తమలో ఏదో పారుతోందన్న అనుమానం ఏనాడూ కలిగి ఉండదు. మోకాలు బిగుసుకుపోయిందని వాళ్ల బాధ.

ఈ ‘రె’ అన్న ధాతువు మనకు మరీ పరాయిది కాదు. సంస్కృతంలోని ‘స్రు’ దీని తోబుట్టువు. స్రవించడం, స్రావం, స్రవంతి, స్రోతస్సు అన్నీ అందులోంచి వచ్చినవే. గ్రీకులో పదం మొదట ఉండాల్సిన సకారం ఉత్త ఊపిరిగా మారిపోతుంది. మన ‘సప్త’ అక్కడ ‘హెప్త’. అలాగే ‘స్ర’ ఉండాల్సిన చోట ఊపిరి కలిసిన ‘ర’ మాత్రం మిగిలింది. కాబట్టి ‘స్రవతి’, ‘రెయి’ అన్నవి రెండు నాలుకల మీద పలికిన ఒకే మాట. ఇంగ్లీషు ‘స్ట్రీమ్’ కూడా ఈ ఇంటిదే, మధ్యలో ఒక టకారాన్ని తెచ్చుకుంది, అంతే. గ్రీకులో పోయిన సకారం పూర్తిగానూ పోలేదు. దాని ముందు అచ్చు వస్తే పక్కనున్న రకారంలో కలిసి దాన్ని ద్విత్వం చేసింది. డయేరియా అన్న మాటను ఇంగ్లీషులో రాసేటప్పుడు పిల్లల్ని ఏడిపించే ఆ అదనపు ‘ఆర్’ ఉందే, అది మన స్రావంలోని ‘స’.

అయితే రెండు ఆర్లు కనిపించిన ప్రతిచోటా ప్రవాహం ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. హెమరేజిలో ఉన్నది ‘పారు’ కాదు, పగలడం, తెగడం అనే అర్థమున్న వేరే గ్రీకు క్రియ. దాన్ని మనం రక్తస్రావం అంటున్నాం. వాడుకకు చక్కగా సరిపోయింది, వ్యుత్పత్తికి సరిపోలేదు. నిజంగా ‘నెత్తురు స్రవించేది’ అన్న అర్థం ఉన్న గ్రీకు మాట హెమరాయిడ్స్, అంటే మన మొలలు.

ప్రవాహాన్నే రోగంగా చూడటం గ్రీకులతో మొదలు కాలేదు. అథర్వవేదంలో ‘ఆస్రావం’ అన్న బాధ పేరు వస్తుంది. మొదటి కాండలోని రెండో సూక్తం, రెండో కాండలోని మూడో సూక్తం దానికి విరుగుడు చెప్పేవే. రెండోదానిలో ఒక అందమైన ఊహ ఉంది. కొండ మీదినుంచి దిగే నీటిని మందుగా పిలుస్తారు, చెదపురుగులు సముద్రం అడుగునుంచి ఔషధాన్ని పైకి తెస్తాయంటారు. పుట్టమన్నును గాయాలకూ వాపులకూ పట్టువేసే అలవాటు తెలిసిన పల్లెటూరివాళ్లకు ఈ ఊహ వింతగా తోచదు. ఈ ఆస్రావం విరేచనాలా, పుండు రసి కారడమా, నెత్తురు పోవడమా అన్నదాని మీద వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు. నాకు ఆ అస్పష్టతే ముఖ్యంగా కనిపిస్తుంది. ఒంట్లో ఉండాల్సింది బయటికి పోతోంది, ఆగడం లేదు అన్న భయానికి పెట్టిన పేరది. ఏ రంధ్రం గుండా పోతోందన్నది తరవాతి ప్రశ్న.

గ్రీకులు తెచ్చిన కొత్తదనం ఈ భయానికి ఒక పటం గీయడం. ప్రవాహం తలలోనే ఎందుకు పుట్టాలి? హిప్పోక్రటీసు సంప్రదాయంలోని ‘ప్రాచీన వైద్యం’ అన్న పుస్తకం దానికి ఆకారాన్ని కారణంగా చూపింది. వెడల్పుగా మొదలై సన్నగా ముగిసే అవయవాలు ద్రవాన్ని లాగుతాయి, చెడునెత్తురు లాగడానికి ఒంటి మీద బోర్లించే బుర్ర లాగినట్టు. మెడ మీద బోర్లించిన తల అలాంటి బుర్రే. మూర్ఛరోగం గురించిన మరో పుస్తకంలో సాక్ష్యం కూడా ఉంది. మూర్ఛ దేవతల వల్ల వచ్చేది కాదు, మెదడులోని కఫం నాళాల్లోకి దిగి గాలిని అడ్డగించడం వల్ల వస్తుంది, నమ్మకపోతే మూర్ఛ వచ్చిన మేక తలను కోసి చూడండి అంటాడా రచయిత. మెదడు తడితడిగా, కంపుకొడుతూ ఉంటుందట. నిర్ణయం తప్పయినా, దేవతల మీద నెట్టకుండా మేక తల కోసి చూడమన్న పద్ధతిని తక్కువ చేయలేం.

ఈ నమ్మకం వైద్యుల పుస్తకాల్లో మాత్రమే లేదు. చరిత్రకారుడు హెరొడోటస్ తన నాలుగో భాగంలో లిబియా సంచారజాతుల ఆచారం ఒకటి రాశాడు. పిల్లలకు నాలుగేళ్లు నిండగానే జిడ్డున్న గొర్రె ఉన్నితో మాడు మీది నరాలను, కొందరైతే కణతల మీది నరాలను కాలుస్తారట. జీవితాంతం తలలోంచి కఫం దిగి బాధించకుండా ముందుజాగ్రత్త అన్నమాట. కాలవకు గండి పడకముందే గట్టు కాల్చి గట్టిచేయడం. మన పల్లెల్లోనూ పసిపిల్లలకు డొక్క ఎగరేసినా, పసిరికలు వచ్చినా వాతలు పెట్టే అలవాటు చాలాకాలం నడిచింది, అక్కడక్కడ ఇంకా నడుస్తోంది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననడం లేదు. కనిపించని కదలికను కనిపించే మచ్చతో ఆపాలన్న ఆత్రం ఎక్కడైనా ఒకటే.

క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ వచ్చి ఈ పటానికి శరీర నిర్మాణాన్ని జోడించాడు. మెదడు పనిచేసినప్పుడు మడ్డి తయారవుతుంది. తేలికైనది పుర్రె అతుకుల గుండా ఆవిరై పైకి పోతుంది. చిక్కనిది కిందికి దిగాలి. దిగడానికి దారులు కళ్లముందే ఉన్నాయి. మెదడు అడుగున గరాటులాంటి భాగం ఒకటి, ముక్కు పైకప్పులో సన్నని చిల్లులున్న ఎముక ఒకటి. ఆ ఎముకకు జల్లెడ అన్న అర్థంతోనే ఎత్మాయిడ్ అని పేరు. జల్లెడ ఉంది, గరాటు ఉంది, కింద ముక్కు కారుతోంది. ఇంతకంటే ఏం రుజువు కావాలి? ఈ వాదం 1,400 ఏళ్లకు పైగా నిలిచిందంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఎండిన పుర్రెను చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి చూసిన ఎవరికైనా ఆ చిల్లులు కనిపిస్తాయి.

గరాటు అడుగున వేలాడే చిన్న గ్రంథిని, 1543లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసేలియస్ తన మహాగ్రంథంలో, కఫాన్ని పట్టుకునే గ్రంథిగా వర్ణించాడు. కఫానికి లాటిన్ మాట ‘పిట్యూటా’. దాంట్లోంచి పిట్యూటరీ వచ్చింది. ఆ గ్రంథి చీమిడిని పట్టుకోదని, ఎదుగుదలకూ సంతానానికీ సంబంధించిన హార్మోన్లను నడుపుతుందని తరవాత తేలింది. పేరు మాత్రం మారలేదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి ఒక చిత్రం జరిగింది. మనవాళ్లు దాన్ని పీయూష గ్రంథి అన్నారు. పిట్యూటరీకీ పీయూషానికీ ఉన్న ధ్వనిసామ్యం చూస్తే అనువాదకుడి చెవి పనిచేసిందనే అనిపిస్తుంది. అర్థం మాత్రం తలకిందులైంది. లాటిన్‌లో చీమిడి గ్రంథి, తెలుగులో అమృత గ్రంథి. పరిభాషలో జరిగే ప్రమాదాలన్నీ ఇంత శుభంగా ముగియవు.

గ్రీకు గ్రంథాలు తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో హునయిన్ ఇబ్న్ ఇస్హాక్ వంటి అనువాదకుల చేతుల మీదుగా అరబ్బీలోకి వెళ్లాయి. వాళ్లు కతార్రోస్‌ను అక్షరానువాదం చేశారు. ‘దిగడం’ అన్న ధాతువులోంచి ‘నజ్లా’ అన్నారు. ముక్కులోంచి పోయేది జుకామ్, గొంతులోకీ రొమ్ములోకీ దిగేది నజ్లా అన్న విభజనను వైద్యుడు ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథం ‘కానూన్’లో చెప్పాడు. అంతకుముందే అల్ రాజీ అనే వైద్యుడు ఒక చిన్న రచన చేశాడు. అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడికి వసంతకాలంలో గులాబీల వాసన చూడగానే జుకామ్ ఎందుకు పట్టుకుంటుందన్నది దాని విషయం. ఇప్పుడు మనం ఎలర్జీ అనేదాన్ని గురించిన మొదటి రాతల్లో దీన్ని లెక్కిస్తారు. తలే చెరువు అనుకున్న కాలంలో, పువ్వు వాసనకు గట్టు ఎందుకు తెగుతోందని అడిగినవాడు అల్ రాజీ.

ఈ నజ్లా, జుకామ్ అన్న మాటలు హైదరాబాదువాళ్లకు కొత్తవి కావు. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రిలో, పాతబస్తీ హకీముల మందుల దుకాణాల్లో అవి నిత్యం వినపడతాయి. యునానీ అంటేనే అయోనియాది, అంటే గ్రీకుది. హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాదులో తయారుచేసి అమ్మిన జిందా తిలిస్మాత్ సీసా తెలంగాణ ఇళ్లలో ఎన్ని గూళ్లలో ఉండేదో ఆ తరంవాళ్లకు తెలుసు. సర్ది అయితే మరిగే నీళ్లలో నాలుగు చుక్కలు వేసి దుప్పటి కప్పుకోవడమే. ఆ ‘సర్ది’ మాత్రం ప్రవాహం కాదు, చల్లదనం అన్న అర్థమున్న పారశీ మాట. ఒకే సీసా మీద రెండు సిద్ధాంతాలు: చల్లబడిందని ఒకటి, దిగిందని ఒకటి.

అరబ్బీ మాట అటు యూరపుకూ తిరుగుప్రయాణం చేసింది. కంటి పాప మసకబారే జబ్బును అరబ్బులు ‘నీరు దిగడం’ అన్నారు. తల నుంచి దిగిన నీరు కంటిలో గడ్డకట్టిందని వాళ్ల నమ్మకం. పదకొండో శతాబ్దంలో ఉత్తరాఫ్రికా నుంచి ఇటలీ వెళ్లి మోంతే కాసినో మఠంలో చేరిన కాన్‌స్టంటైన్ దీనికి లాటిన్‌లో జలపాతం అన్న మాట వాడాడు. అదే కేటరాక్ట్. నయాగరాకూ కంటి పొరకూ ఇంగ్లీషులో ఒకే పేరుండటం ఇందువల్లే. 1705లో ఫ్రాన్సులో బ్రిసో అనే వైద్యుడు, చనిపోయిన ఒక సైనికుడి కన్ను కోసి, మసకబారినది కటకమేనని, ఎక్కడినుంచీ ఏ నీరూ దిగలేదని చూపాడు. మన మాట శుక్లం. తెల్లదనం కనిపించింది, తెల్లదనమనే పేరు పెట్టారు. కారణం జోలికి పోలేదు కాబట్టి ఆ పేరు అబద్ధమయ్యే అవసరం రాలేదు.

యూరపులో ప్రవాహ సిద్ధాంతానికి మొదటి పగులు కీళ్ల దగ్గరే పడింది. పారిస్ వైద్య విద్యాపీఠానికి ఒకప్పుడు డీన్‌గా ఉన్న గియోమ్ ద బాయూ, ఒళ్లంతా కీళ్లు పట్టేసే జబ్బును జలుబుతో కలిపి చూడకూడదని, అది వేరే వ్యాధి అని రాశాడు. అతను 1616లో చనిపోయాడు, పుస్తకం 1642లో అచ్చయింది. రుమాటిజం అన్న మాటకు కీళ్లజబ్బు అన్న అర్థం స్థిరపడటం అక్కడినుంచే. చిక్కేమిటంటే ఆయన రోగాన్ని జలుబునుంచి విడదీశాడు గానీ పేరును విడదీయలేదు. నొప్పిచేసే ద్రవం ఒంట్లోనే ఉందన్నాడు, అంతే తేడా. అదే కాలంలో బ్రసెల్స్‌లో వైద్యుడు వాన్ హెల్మాంట్ ఇంకాస్త దూకుడుగా వెళ్లి, ఈ కటార్ కథంతా పిచ్చిమాటలని ఒక అధ్యాయానికి శీర్షికే పెట్టాడు. ఆయన మరణానంతరం కొడుకు 1648లో దాన్ని అచ్చువేశాడు. కానీ ఆయన మాట అప్పటి విశ్వవిద్యాలయాల్లో అంతగా చెల్లుబాటు కాలేదు. గాలెన్ జల్లెడను చెరపాలంటే వెక్కిరింపు చాలదు, ఎముకను పట్టుకోవాలి.

ఆ పని చేసినవాడు కాన్రాడ్ విక్టర్ స్నైడర్. 1614లో బిటర్‌ఫెల్డ్‌లో పుట్టి, లూథర్ వల్ల ప్రసిద్ధమైన విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించాడు. 1655లో ఆ చిల్లుల ఎముక గురించే ఒక పుస్తకం రాశాడు. 1660 నుంచి ‘కటార్ల గురించి’ అన్న పేరుతో ఐదు భాగాల గ్రంథం వెలువరించాడు. ఆయన వాదం చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. మీరంతా ఎండిన పుర్రెను చూశారు, అన్నాడు. ఎండిన పుర్రెలో చిల్లులు ఖాళీగా ఉంటాయి, నిజమే. అప్పుడే చనిపోయినవాడి తలలో చూడండి. ప్రతి చిల్లులోనూ వాసన నరాల పోగులు దూరి ఉన్నాయి, చుట్టూ పొరలు బిగుసుకుని ఉన్నాయి. చిక్కని చీమిడి సంగతి దేవుడెరుగు, ఆ సందుల్లోంచి నీళ్లు కూడా కారడం కష్టం. మరి ముక్కు కారేదెక్కడినుంచి? ముక్కు లోపల అంటిపెట్టుకుని ఉన్న పొరలోంచే. తలలో చెరువూ లేదు, తూమూ లేదు. ఊట అక్కడికక్కడే ఉంది.

తోటలో నీళ్లు పెట్టినవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. చెరువు అనుకుంటే ఎక్కడో పైన తూము మూయాలి. ఊట అనుకుంటే తడి ఉన్న చోటే వైద్యం చేయాలి. జలుబుకు మాడు మీద బొబ్బలెక్కించడం, మెడ వెనక కోసి పుండు మానకుండా ఉంచి ద్రవాన్ని అటు మళ్లించడం వంటి చికిత్సలన్నిటికీ ఆధారం తూము సిద్ధాంతమే. స్నైడర్ తరవాత కూడా అవి ఒక్కరోజులో పోలేదు. వైద్యంలో సిద్ధాంతం చనిపోయిన చాలా ఏళ్లకు గానీ చికిత్స చావదు.

ఇంగ్లండులో రిచర్డ్ లోయర్ ప్రయోగంతో మరో దెబ్బ కొట్టాడు. 1665లో ఒక కుక్క నెత్తురు మరో కుక్కకు ఎక్కించి పేరు తెచ్చుకున్నవాడు ఇతనే. మెదడు అడుగు గరాటులోకి ద్రవం పంపితే అది అంగిట్లోకి దిగదని, మెడ సిరల్లోకి పోతుందని కటార్ మీద రాసిన వ్యాసంలో చూపాడు. తలలోంచి చీమిడి దిగుతుందన్న వాదం ఈ దెబ్బలతో చదువుకున్న వైద్యుల్లో క్రమంగా బలహీనపడింది.

నిజం ఒప్పుకుంటే గాలెన్ పూర్తిగా ఓడిపోలేదు కూడా. మెదడు చుట్టూ ఒక ద్రవం ఉందని 1764లో ఇటలీవాడు కొతున్యో వర్ణించాడు. అది మడ్డి కాదు, తేటనీరు. ఆ ద్రవంలో కొంత వాసన నరాల వెంట చిల్లుల ఎముక దాటి ముక్కు లోపలి లింఫ్ నాళాల్లో కలుస్తుందని జంతువుల మీద చేసిన పరిశోధనలు చూపాయి. ప్రమాదాల్లో తల అడుగు ఎముక చిట్లితే ఆ ద్రవం ముక్కులోంచే బొట్టుబొట్టుగా కారుతుంది. డాక్టర్లు దానికి పెట్టిన పేరులో కూడా గ్రీకు ప్రవాహమే ఉంది, రైనోరియా. బైకు మీదినుంచి పడి తలకు దెబ్బ తగిలినవాడికి తరవాత ఒక ముక్కులోంచి తేటనీరు కారుతుంటే, ముఖ్యంగా ముందుకు వంగినప్పుడు ఎక్కువైతే, జలుబని ఇంట్లో ఆవిరి పట్టించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ దారి తెరుచుకుంటే బయటి సూక్ష్మజీవులు మెదడు పొరలదాకా పోగలవు.

ఇక స్నైడర్ తరవాత మాటల గతి చూద్దాం. కింద సిద్ధాంతం కూలిపోయినా పేర్లన్నీ నిలబడే ఉన్నాయి. గనేరియా అంటే గ్రీకులో ‘బీజస్రావం’. చీమును వీర్యమనుకున్న పొరపాటు అది. 1879లో నైసర్ దాని సూక్ష్మజీవిని కనిపెట్టాడు, పొరపాటు పేరు మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా రాస్తున్నారు. మనవాళ్లు దాన్ని సెగ అన్నారు. మంట పుడుతుంది, సెగ అన్నారు. సిద్ధాంతం లేదు, అందుకే తప్పూ లేదు. 1859లో ఇంగ్లీషు వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ బేరింగ్ గారడ్ కీళ్లజబ్బుల్లో ఒకదాన్ని గౌట్ నుంచి, మామూలు రుమాటిజం నుంచి వేరుచేసి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నాడు. పేరును విప్పి చదివితే ‘ప్రవాహరోగం లాంటి కీళ్లవాపు’. అతను వేరుచేసిన ఆ గౌట్ కూడా లాటిన్‌లో ‘బొట్టు’ అన్న మాటే. కీలులోకి బొట్టుబొట్టుగా ద్రవం దిగుతుందన్న పాత ఊహ అక్కడా ఉంది.

రుమాటిక్ జ్వరం సంగతి ఇంకా విచిత్రం. చిన్నపిల్లల్లో స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతునొప్పి వస్తుంది. అది తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్లు ఒకదాని తరవాత ఒకటి వాస్తాయి, కొందరిలో గుండె కవాటాలు దెబ్బతింటాయి. గొంతులో మొదలై కీళ్లకు, కీళ్లనుంచి గుండెకు! ఏడు ప్రవాహాల లెక్క రాసిన గ్రీకు వైద్యుడు ఈ క్రమం చూసి ఉంటే చెప్పలేదా అనేవాడు. పారిందేమీ లేదు. సూక్ష్మజీవి మీద తయారైన రోగనిరోధక శక్తి సొంత కణజాలాన్ని కూడా శత్రువనుకోవడం వల్ల జరిగేదిది. దాన్ని అడ్డుకునేది గొంతునొప్పికి సకాలంలో ఇచ్చిన పెన్సిలిన్.

ఆయుర్వేదం ఈ కథలో ఎక్కడ నిలుస్తుందన్నది మన పాఠకుడికి రావలసిన ప్రశ్న. పోలికలు తక్కువేం కావు. జలుబుకు సంస్కృత మాట ప్రతిశ్యాయం, గమనార్థకమైన ధాతువులోంచి వచ్చింది. తెలుగులో అదే అరిగి పడిశం అయింది. అంటే పడిశంలోనూ ఒక కదలిక దాగి ఉంది. శిరస్సులో పోగుపడిన దోషాలు దీనికి కారణమని సుశ్రుతం, నిర్లక్ష్యం చేస్తే చెవుడు, దృష్టిలోపం, దగ్గు దాకా పోతుందనీ అదే చెబుతుంది. పది రోగాల పెట్టు అన్న సామెతకు శాస్త్రంలో వేరు అక్కడ దొరుకుతుంది. మాధవనిదానంలోని ఆమవాతం వర్ణన చదివితే రెవ్మ గుర్తురాక మానదు. జీర్ణం కాని ఆమం వాయువు తోసుకుపోగా కీళ్లవంటి కఫస్థానాల్లో చేరి నొప్పినీ బిగుసుకుపోవడాన్నీ పుట్టిస్తుందంటుంది.

తేడా కూడా అక్కడే ఉంది. గ్రీకులు పారే ద్రవాన్ని చూసి పేరు పెడితే, ఇక్కడివాళ్లు తోసే గాలిని చూసి పేరు పెట్టారు. కీళ్లవాతం, పక్షవాతం, వాతరక్తం అన్నింట్లోనూ ఉన్నది వాయువే. చరకుడు విమానస్థానంలో ఒక అధ్యాయమంతా స్రోతస్సులకు కేటాయించాడు. స్రోతస్సు చెడటమంటే అతిగా పారడం ఒకటి, అడ్డుపడటం ఒకటి, ముడిపడటం ఒకటి, దారి తప్పి పారడం మరొకటి అని లెక్కపెట్టాడు. గ్రీకు ఏడు ప్రవాహాల పటంలో ప్రవాహమే నేరస్థురాలు. చరకుడి దృష్టిలో పారాల్సింది పారకపోవడమూ రోగమే. కాలవల కింద వ్యవసాయం చేసేవాడి ఆలోచన ఇది. నీళ్లు మునగదీసినా పంట పోతుంది, అందకపోయినా పోతుంది.

మాటల వాడకంలోనూ ఆ శాస్త్రకారులు మనకంటే కచ్చితంగా ఉన్నారు. గర్భం నాలుగో నెల లోపు పోతే గర్భస్రావం, పిండానికి అవయవాలు గట్టిపడిన ఐదారు నెలల్లో పోతే గర్భపాతం అని విభజించారు. ద్రవంగా ఉన్నది స్రవిస్తుంది, గట్టిపడినది పడుతుంది. పత్రికల్లో ఇప్పుడు రెంటికీ గర్భస్రావమే. ఇంగ్లీషు పరిభాషకు ఎదురుమాటలు వెతికే ముందు మన చేతిలోని మాటల అంచులు చూసుకుంటే బాగుండును.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందనే మాట ఇంకా మన ఇళ్లలో ఉంది. నెమ్ము అంటే చెమ్మ. న్యుమోనియా వచ్చిన రొమ్ములో నిజంగా చెమ్మే చేరుతుంది, ఎక్స్‌రేలో తెల్లగా కనపడుతుంది. తెల్లబట్ట అన్నదీ అంతే. వైద్యుడి రాతలో అది ల్యూకోరియా, గ్రీకులో ‘తెల్లని ప్రవాహం’. చెప్పుకోవడానికి సిగ్గుపడే ఆడవాళ్లు ప్రవాహం ఊసెత్తకుండా బట్టను చూపి చెప్పారు. ఈ మాటలను నాటుమాటలని పరిభాషా సంఘాలు పక్కన పెట్టడం నాకు నచ్చదు. తప్పుడు సిద్ధాంతం మోస్తున్న గ్రీకు పేరుకంటే కళ్లతో చూసింది చెప్పే తెలుగు పేరు శాస్త్రానికి దగ్గర.

ప్రవాహమన్న అర్థంతో పాత ధాతువును ఈ మధ్యకాలంలో సరిగ్గా వాడినవాళ్లు వైద్యులు కారు. అమెరికా రసాయన శాస్త్రవేత్త యూజీన్ బింగం, అంతా పారుతూనే ఉంటుందన్న గ్రీకు తాత్వికుడు హెరాక్లిటస్ భావనను గుర్తుచేసుకుంటూ, పదార్థాలు పారే తీరును చదివే శాస్త్రానికి రియాలజీ అని పేరు పెట్టాడు. పెయింటు, పిండి, లావా, నెత్తురు అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఇంగ్లీషులో ఆ పేరుకూ రుమటాలజీకీ నడుమ ఉన్నది నాలుగు అక్షరాల తేడా. మొదటిది ప్రవాహాన్ని కొలుస్తుంది, రెండోదానికి ప్రవాహంతో పనిలేదు.

స్నైడర్ 1680లో విట్టెన్‌బర్గ్‌లోనే చనిపోయాడు. పైదవడలో కృత్రిమ దంతం నాటడానికి ఎముక చాలనప్పుడు దంతవైద్యులు బుగ్గ లోపలి గాలిగది అడుగున ఉన్న సన్నని పొరను చిరగకుండా పైకి లేపి, కింద ఎముకపొడి నింపుతారు. ఆ పొరను వాళ్లు ఇవాళ్టికీ స్నైడర్ పొర అనే పిలుస్తారు.